విశాఖలో బొమ్మలు వేసే అక్కలూ, మీకు బొమ్మ ఎక్కడ మొదలవుతుంది?

గాజువాక_పిల్ల అడిగింది:

అందరికీ నమస్తే. నాకు 19 ఏళ్ళు. గాజువాకలో ఉంటాం, బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తాను. స్కూల్లో సైన్స్ రికార్డు బొమ్మలు సగం క్లాసుకి నేనే వేసిపెట్టేదాన్ని. కప్ప జీర్ణవ్యవస్థ, మందార పువ్వు నిలువుకోత ఇప్పటికీ చూడకుండా వేసేస్తాను.

చెయ్యి బాగానే తిరుగుతుంది. ఏం వెయ్యాలో తెలియకపోవడమే నా బాధ. ఫోన్‌లో పింటరెస్ట్ తెరుస్తాను. కిటికీ పక్కన కాఫీ కప్పు పట్టుకున్న అమ్మాయి, గొడుగు కింద నడిచే జంట, సముద్రంలో అస్తమించే సూర్యుడు, ఇవే చూసి వేస్తాను. ఇన్‌స్టాలో పెడితే ఫ్రెండ్స్ సూపర్ అంటారు. రెండు రోజులు పోయాక చూసుకుంటే నా బొమ్మలు ఎవరో వేసినట్టుంటాయి.

మొన్న కాలేజీలో 'మన విశాఖ' అని పోటీ పెట్టారు. డాల్ఫిన్ నోస్ కొండ, కురుసురా సబ్‌మెరైన్, కైలాసగిరి మీద శివపార్వతులు, మూడూ ఒకే షీటు మీద వేశాను. నాలుగు గంటలు పట్టింది. తీరా అన్నీ గోడకి అంటించాక చూస్తే ముప్పై మందిలో ఇరవై మందికి పైగా అవే మూడూ వేశాం. జడ్జిగా వచ్చిన మేడమ్ నా బొమ్మ ముందు ఆగి, "మీ ఇల్లెక్కడమ్మా?" అన్నారు. గాజువాక అన్నాను. "మరి ఇందులో గాజువాక ఏదీ?" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు, మామూలుగానే అడిగారు. నాకే నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నాన్నది కాంట్రాక్టు పని. నేను బొమ్మలేస్తుంటే ఇద్దరూ వద్దనరు. అలాగని డ్రాయింగ్ షీట్లు కొనమని అడగడానికి నాకే మొహమాటం. అమ్మ పాత కొలతల పుస్తకాల్లో మిగిలిన ఖాళీ పేజీల్లో ప్రాక్టీసు చేసుకుంటాను.

మీరు దేన్ని చూసి మొదలుపెడతారు? రోజూ ఎలా పని చేస్తారు? కాస్త వివరంగా చెప్పండి. 'నీ మనసు చెప్పింది వెయ్యి' అని మాత్రం అనకండి. ఆ మాట ఇప్పటికే చాలామంది చెప్పారు, నాకు దాంతో పని జరగలేదు.

నీలిసిరా జవాబు:

చెల్లీ, నీ పోస్టు రాత్రి పదకొండింటికి చదివాను. పొద్దున్న లేచాక మళ్ళీ చదివాను. పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నాకు 27. పెదజాలారిపేటలో పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. అమ్మ చేపలమ్ముతుంది. పగలు ఒక స్కూల్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్తాను. సాయంత్రాలూ సెలవులూ లినోకట్ పని. లినో అంటే అవిసె నూనె, బెరడు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేసే మెత్తటి షీటు. దాని మీద బొమ్మని చిన్న ఉలితో చెక్కుతాం. రోలరుతో సిరా పూసి, పైన కాగితం పరిచి, వెనక నుంచి రుద్ది ముద్ర తీస్తాం. చెక్కేసిన చోటు తెల్లగా ఉండిపోతుంది, వదిలేసిన చోటు నల్లగా పడుతుంది. నాకు ప్రెస్సు లేదు. స్టీలు గరిటె వెనక్కి తిప్పి రుద్దుతాను.

లినోకి రాకముందు మూడేళ్ళు నేనూ నీలాగే సముద్రం వేశాను. నీళ్ళ మీద నారింజ రంగు, మధ్యలో పడవ, వెనక సగం మునిగిన సూర్యుడు. ఒక రోజు అలాంటిదే ఒకటి పూర్తి చేసి గోడకి ఆనించాను. అమ్మ అప్పుడే ఊళ్ళో అమ్మకం ముగించుకుని వచ్చి, తట్ట దించి, కాళ్ళు కడుక్కుంటూ చూసింది. "ఓలమ్మ, పొద్దు సముద్రంలో గుంకుతాదేటే? మనకి కొండల ఎనకాల కదా గుంకేది" అంది.

నాకు గుండె ఆగినంత పనైంది. సముద్రం ఒడ్డున పుట్టి, ఇరవై ఏళ్ళు ఆ ఒడ్డునే పెరిగి, మన సూర్యుడు సముద్రంలోంచి వస్తాడే తప్ప సముద్రంలోకి పోడన్న సంగతి బొమ్మ వేసేటప్పుడు నాకు తట్టలేదు. నేను చూసిన ఫోటోలన్నీ పడమటి ఒడ్డువి. నీ పోస్టులో 'సముద్రంలో అస్తమించే సూర్యుడు' అని చదవగానే నాకు ఆ రోజు గుర్తొచ్చింది.

నేను సర్దుకుని "పోనీ పొద్దుపొడుపు అనుకో" అన్నాను. అమ్మ మళ్ళీ బొమ్మ వైపు చూసి, "అయితే ఏ నెల సముద్రమే ఇది?" అని అడిగింది.

సముద్రానికి నెల ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి అమ్మ చెప్పింది. ఎండాకాలం నీరు ఉత్తరానికి లాగుతుందట, తుపాన్ల కాలంలో దక్షిణానికి తిరుగుతుందట, వల వేసినవాడు దాన్ని బట్టే లెక్క చూసుకుంటాడట. వానాకాలం ఒడ్డు కోసుకుపోతుంది. ఆర్కే బీచ్‌లో పోర్టువాళ్ళు సముద్రంలోంచి తవ్విన ఇసుక తెచ్చి పోసేది అందుకే. ఏ నెలలో ఏ చేప తట్టలోకి వస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. నేను నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకున్నాను. ఐదేళ్ళు బొమ్మలేసినా రానిది ఆ ఒక్క పూటలో నా చేతికొచ్చింది.

అప్పటి నుంచి నా పని అదే. పన్నెండు నెలలకి పన్నెండు ముద్రలు. రెండేళ్ళు పట్టింది, ఇంకా పూర్తిగా అయిందనను.

మొదటగా బాగా వచ్చింది మే నెలది. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది కదా. చేపలు గుడ్లు పెట్టే కాలం. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అమ్మకి తాజా చేప సరిగ్గా దొరకదు, ఎండు చేపలతో నెట్టుకొస్తుంది. మే నెల వెయ్యాలంటే ఏం వెయ్యాలని వారం రోజులు ఒడ్డు మీద తిరిగాను. పైకి లాగిన పడవలు వేశాను, వలలు బాగుచేసుకునే మామయ్యల్ని వేశాను. అన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. చివరికి ఇంట్లో కూర్చుని చూస్తే మేకుకి అమ్మ చుట్టకుదురు వేలాడుతోంది.

నీకు చుట్టకుదురు తెలుసో లేదో. తట్ట నెత్తి మీద పెట్టుకునే ముందు కింద పెట్టుకునే గుడ్డ చుట్ట. అమ్మది పాత నేత చీరతో చేసింది. దగ్గరికి తీసుకుని చూశాను. చీరని మూడు పాయలు చేసి మెలిపెట్టింది. మెలిక తిరిగిన ప్రతిచోటా అంచు ఒక వేలెడంత బయటికి కనపడి మళ్ళీ లోపలికి పోతుంది. నెత్తికి ఆనే వైపు గుడ్డ అరిగి మెత్తబడి, కొబ్బరి నూనె పట్టి నల్లగా మెరుస్తోంది. తట్ట ఆనే వైపు ఉప్పు నీళ్ళకి బిరుసెక్కింది. మడతలో ఒక చేప పొలుసు ఎండి అతుక్కుని ఉంది, గోటితో తీద్దామన్నా రాలేదు. ఎన్నో ఏళ్ళ బరువు దాంట్లో ఉంది. నిషేధం నెలల్లో అది మేకుకే ఉంటుంది.

దాన్నే చెక్కాను. మేకు, చుట్టకుదురు, వెనక ఖాళీ గోడ, అంతే. తొమ్మిది రోజులు పట్టింది, ఎందుకంటే మెలికలో ఏ పాయ పైకి వస్తుందో ఏది కిందికి పోతుందో నాకు కుదరలేదు. అమ్మకి చూపిస్తే, "ఈ పాయ ఇలగ పోతే ఊడిపోద్దే" అని వేలు పెట్టి చూపించింది. మళ్ళీ కొత్త షీటు మీద మొదటి నుంచి చెక్కాను. రెండోసారి ఏమీ అనలేదు. మేకు వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి, పక్కింటి పిన్నిని పిలుచుకొచ్చి చూపించింది.

నీ ప్రశ్నకి నా జవాబు ఇదే చెల్లీ. నేను తప్పు వేస్తే పట్టుకోగల మనిషి ఎవరున్నారో చూసుకుని అక్కడ మొదలుపెడతాను. కిటికీ పక్కన కాఫీ అమ్మాయిని నువ్వు తప్పు వేసినా ఎవరూ పట్టుకోరు. నీకూ తెలియదు. అందుకే అది ఎవరిదో అనిపిస్తుంది. చుట్టకుదురు తప్పు వేస్తే మా వీధిలో నలభై మంది ఆడవాళ్ళు పట్టుకుంటారు. ఆ భయం ఉంటే కన్ను తెరుచుకుంటుంది.

మిగతా నెలల గురించి గబగబా చెప్తాను. ఫిబ్రవరికి తాబేలు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖవాళ్ళు ఆ గుడ్లు తీసి కంచె వేసి కాపాడతారు. నేను వేసింది తాబేలుని కాదు, తెల్లవారుజామున అది తిరిగి వెళ్ళిపోయాక ఇసుక మీద మిగిలిన దారిని. నవంబరుకి కార్తీక దీపాలు. 2023 నవంబరులో హార్బర్‌లో బోట్లు కాలిపోయినప్పుడు అది వెయ్యమని చాలామంది అడిగారు. నేను వెయ్యలేదు. ఆ మంట చూసి మా వీధి ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు, దాన్ని నా గోడకి తగిలించుకోవాలనిపించలేదు. అక్టోబరు ముద్ర ఇప్పటికి ఆరుసార్లు చెక్కాను, ఇంకా కుదరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. గాలి ఆగాక బయటికొస్తే చెట్లకి ఒక్క ఆకు లేదు, పచ్చగా ఉండే కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. ఆ ఆకుల్లేని కొండని నలుపు తెలుపుల్లో ఎలా చూపించాలో నాకింకా అందలేదు.

వేరే కళాకారుల్ని చూసి నేర్చుకోలేదా అంటే నేర్చుకున్నాను. కేథే కోల్విట్జ్ అని జర్మనీ ఆవిడ, 1867లో పుట్టింది. ఆవిడ చెక్క మీద చెక్కిన ముద్రల ఫోటోలు కాలేజీ లైబ్రరీలో చూశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో, ఆవిడ కొడుకు చనిపోయాడు. ఆ తర్వాత ఆవిడ వేసిన తల్లుల చేతులు చూడు. పెద్దవి, మొరటువి, పిల్లల్ని చుట్టేసి ఉంటాయి. అవి చూశాక అమ్మ చేతులు వెయ్యడానికి ధైర్యం వచ్చింది. అంతకుముందు అమ్మ వేళ్ళు సన్నగా, అందంగా మార్చి వేసేదాన్ని.

ఇంకొకటి గ్యోతాకు. జపాన్‌లో 19వ శతాబ్దంలో జాలర్లు పట్టిన చేపకి సిరా పూసి కాగితం మీద అద్ది, దాని సైజు లెక్కగా దాచుకునేవారు. మాలాంటివాళ్ళు మొదలుపెట్టిన కళ అని తెలిసి ఎంత సంతోషించానో. ఒక పండుగప్ప తెచ్చి గుడ్డతో తడి తుడిచి, సిరా పూస్తే కూరకి పనికిరాదని అమ్మ ఊరుకోదు కాబట్టి, పసుపు ముద్ద పూసి పల్చటి కాగితం అద్దాను. పొలుసు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత బాగా పడింది. చేప కూరలోకి వెళ్ళింది. కాగితం కిటికీ పక్కన పెట్టాను, నెల తిరిగేసరికి ఎండకి వెలిసిపోయి మరక మాత్రం మిగిలింది. పసుపు వెలుగుకి నిలబడదు. అప్పటి నుంచి చీకట్లో ఫైల్లో దాస్తున్నాను.

రోజు పని ఎలా అని అడిగావు. ఆదివారం తెల్లవారకముందే అమ్మతో హార్బర్‌కి వెళ్తాను. వేలం జరిగేచోట అమ్మ వెనక కూర్చుని బాల్‌పెన్‌తో గీస్తాను. ఒక్కదాన్నే వెళ్ళిన రోజు మగవాళ్ళు చుట్టూ మూగి ఫోన్లు తీశారు, పని సాగలేదు. అమ్మ వెనక కూర్చుంటే నేను ఫలానా ఆవిడ కూతుర్ని, ఎవరూ పట్టించుకోరు. నీకూ అలా ఒక చోటు వెతుక్కో. ఇంటికొచ్చి ఒక గీత ఎంచుకుంటాను. షీటుని కాసేపు ఎండలో పెడితే మెత్తబడి ఉలి సులువుగా దిగుతుంది. ఉలి ముందు ఎడమ చెయ్యి పెట్టకు, నాకు బొటనవేలి దగ్గర రెండు మచ్చలున్నాయి. మన ఊరి తేమకి నూనె సిరా వానాకాలంలో నాలుగైదు రోజులైనా ఆరదు. బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తాను. ఇంట్లోవాళ్ళు వంగి నడుస్తారు పాపం.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ఒక్కో బొమ్మకి ఇరవై ముద్రలే తీసి, పెన్సిల్‌తో నంబరు వేసి సంతకం పెడతాను. ఒక్కోటి 1,200కి ఇస్తాను. దాంతో బతకలేను, లినో, సిరా, కాగితం ఖర్చు వస్తుంది. ఒక కెఫేవాళ్ళు అమ్మిపెడతామని ఎనిమిది తీసుకున్నారు. ఐదు అమ్ముడుపోయాయని నాకు కొన్నవాళ్ళ ద్వారా తెలిసింది, డబ్బు మాత్రం రాలేదు. ఇప్పుడు కాగితం మీద రాయించుకోకుండా ఎవరికీ ఇవ్వను.

అంకుడుకర్ర జవాబు:

నీలిసిరా గారూ, చుట్టకుదురు ముద్ర ఎక్కడైనా చూడొచ్చా? నాకు ఒకటి కావాలి.

తమ్ముడూ చెల్లెళ్ళూ ఎవరు చదువుతున్నా సరే, నాది ఇంకో దారి. మాది ఎలమంచిలి, పని కోసం మద్దిలపాలెంలో రూము తీసుకుని ఉంటున్నాను. నాకు 24. ఏటికొప్పాక పద్ధతిలో లక్క బొమ్మలు చేస్తాను. మాది బొమ్మలు చేసే కుటుంబం కాదు. ఇంటర్ సెలవుల్లో ఏటికొప్పాకలో ఒక తాతగారి దగ్గర కూర్చుని చూడ్డం మొదలుపెట్టి, ఆయన వద్దన్నా రోజూ వెళ్ళాను.

అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, అందుకే దాన్ని వాడతారు. లేత్ మిషను మీద కర్ర తిరుగుతుంటే ఉలి పట్టి ఆకారం తెస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. రంగులు పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు, కరక్కాయ లాంటివాటి నుంచి తీస్తారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఈ సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లోనే జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ ఊరి పేరు ఆ ఊరి బొమ్మలకే చెల్లుతుంది. ఈ కబుర్లు ఇక్కడ అందరికీ తెలిసే ఉంటాయి.

నేను చెప్పాలనుకున్నది లేత్ గురించి. లేత్ మీద ఏది చేసినా గుండ్రంగానే వస్తుంది. మొదట్లో అది నాకు కోపం తెప్పించేది. బస్సులో నిలబడ్డ ఆడవాళ్ళని చెయ్యాలని నా కోరిక. ఒక చెయ్యి పైన కమ్మీకి, ఇంకో చేతిలో టిఫిను క్యారేజీ, భుజాన బ్యాగు. గుండ్రంగా తిరిగే కర్రలో ఎత్తిన చెయ్యి ఎలా వస్తుంది? చేతులు విడిగా చెక్కి అతికించాను. బొమ్మలు బొమ్మల్లా లేవు, విరిగినట్టున్నాయి. తాతగారు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నిలబడ్డ మనిషి బరువు ఎక్కడుంటది?" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

తర్వాత నెల రోజులు గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సుల్లో అదే చూశాను. బ్రేకు పడినప్పుడు ఆడవాళ్ళు మడమల మీద ఆగుతారు, నడుము వెనక్కి పోతుంది, క్యారేజీ ముందుకి ఊగుతుంది. ఇప్పుడు చేతులు చెయ్యడం మానేశాను. మొత్తం మనిషిని ఒకే గుండ్రటి దుంగలా చేసి, అడుగు మాత్రం కాస్త ఏటవాలుగా కోస్తున్నాను. ఏడెనిమిది బొమ్మలు పక్కపక్కన పెడితే బస్సు బ్రేకు వేసినట్టే ఉంటుంది. తాతగారు చూసి, లక్క మందం ఎక్కువైందని మాత్రం తిట్టారు. కాబట్టి తప్పు పట్టే మనిషి కావాలన్న మాట నిజం.

గాజువాక_పిల్లా, ఒకటి అడగనా? మీ అమ్మగారి కొలతల పుస్తకంలో ఖాళీ పేజీల మీద వేస్తానన్నావు. ఖాళీ కాని పేజీల్లో ఏముంది?

గోడ_మీద_బొమ్మ జవాబు:

నేను గోడలకి రంగులేస్తాను, స్కూళ్ళు, అంగన్‌వాడీలు, ఇళ్ళ మేడలు. పైవాళ్ళతో ఒక్క విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది. చూసి వెయ్యడం తప్పని ఆ అమ్మాయికి అనిపించేలా రాశారు. నేను ఆరేళ్ళు కాపీనే చేశాను. కేలండర్లు, పత్రికల ముఖచిత్రాలు, రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు గ్యాలరీలో కూర్చుని ఆయన గీతలు. ఆయన 1925లో పోయేనాటికి ఇంకా 28 ఏళ్ళు నిండలేదు. ఆయన భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేసేవారు. వందేళ్ళ కిందట మన గోదావరి ఒడ్డున ఆడవాళ్ళు బొమ్మలేశారన్న సంగతి నాకు ఆ గ్యాలరీకి వెళ్ళాకే తెలిసింది, తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. మంచి చేతిని కాపీ చేస్తే మన చెయ్యి బలపడుతుంది. కాకపోతే ఫోన్‌లో కాదు, వీలైనంత వరకు అసలు బొమ్మ ముందు కూర్చుని చెయ్యమ్మా. రంగు ఎంత మందంగా ఉందో ఫోన్‌లో తెలియదు.

చదువు మీద ఆలోచన ఉంటే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. బీకాం అయ్యాక ఏం చెయ్యొచ్చో నేరుగా వెళ్ళి అక్కడ చదివే అమ్మాయిల్నే అడుగు. ఖర్చు విషయం మొహమాటపడకు. నేను మొదటి ఏడాది అంతా నేల మీద సుద్దతో వేశాను, నీళ్ళు పోసి కడిగేశాను.

గాజువాక_పిల్ల:

అక్కలందరికీ థాంక్స్. ఏమని రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను.

అంకుడుకర్ర అక్క అడిగిన ప్రశ్న చదివి కొలతల పుస్తకాలన్నీ తీశాను. పదకొండు పుస్తకాలున్నాయి. మొదటిది నేను ఒకటో తరగతిలో ఉన్నప్పటిది, అట్ట మీద నేను పెన్నుతో గీసిన పిచ్చి గీతలు కూడా ఉన్నాయి. లోపల ప్రతి పేజీకి ఒక పేరు, కింద భుజం, చాతీ, నడుము, చంక, చేతి పొడవు, మెడ లోతు. పక్కన ఎక్కడైనా ఒక బ్లౌజు గుడ్డ ముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది. ఇన్నేళ్ళూ నేను ఆ పేజీలు తిప్పేసి ఖాళీ పేజీ కోసం వెతికాను.

మా వీధి చివర ఒక మామ్మగారు ఉండేవారు, పేరు రాయను. ఆవిడవి ఏడు పుస్తకాల్లో ఉన్నాయి. మొదట చాతీ 40. తర్వాత 40. తర్వాత 38. ఒకచోట అమ్మ 38 కొట్టేసి 36 రాసింది, పక్కన 'వదులు పెట్టమన్నారు' అని రాసుంది. ఆఖరి పుస్తకంలో 32. ఆ పేజీకి గుచ్చిన గుడ్డ లేత గులాబీ రంగు. అమ్మని అడిగితే మిషను ఆపి, "ఆ జాకెట్టు కుట్టాను కానీ వాళ్ళు తీసుకెళ్ళలేదు" అంది. బీరువాలో పైఅరలో ఉంది. ఇద్దరం తీసి చూశాం.

నిన్న ఆ ఏడు బ్లౌజుల్ని ఒకదాని లోపల ఒకటి వచ్చేలా గీశాను, పెద్దది బయట, 32 అన్నిటికంటే లోపల. అమ్మ చూసి రెండు తప్పులు చెప్పింది. మామ్మగారికి కుడి భుజం కొంచెం కిందికి ఉండేదట, ఎప్పుడూ ఆ వైపు అరంగుళం తగ్గించి కత్తిరించేదట. నేను రెండు భుజాలూ ఒకేలా గీశాను. రెండోది, చంక దగ్గర అతుకు నేను వెయ్యలేదు. మళ్ళీ గీస్తున్నాను. గీస్తుంటే అమ్మ పక్కన కూర్చుని సుద్ద ముక్కతో చూపిస్తోంది, మూడు బ్లౌజులు ఆలస్యమైనా ఏమీ అనలేదు.

నీలిసిరా అక్కా, దీన్ని లినో మీద చెయ్యాలని ఉంది. అంకెలు అమ్మ రాసినట్టే, అమ్మ చేతిరాతలోనే రావాలి. కొట్టేసిన 38 కూడా. ముద్ర తీస్తే అంకెలు తిరగబడతాయి కదా, ఏం చెయ్యాలి?

నీలిసిరా:

తిరగబడతాయి. నేను మొదటిసారి పడవ పేరు చెక్కి మొత్తం తిరగేసి ముద్ర వేశాను, షీటు పాడైంది.

ఇలా చెయ్యి. పల్చటి ట్రేసింగ్ పేపరు కొని, అమ్మ పేజీ మీద పరిచి, అంకెలు మెత్తటి పెన్సిల్‌తో, 4బీ అయితే మంచిది, ఉన్నదున్నట్టు గీసుకో. తర్వాత ఆ పేపరుని తిరగేసి, పెన్సిల్ వైపు లినోకి తగిలేలా పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించి, వెనక నుంచి చెంచాతో గట్టిగా రుద్దు. పెన్సిల్ గీత లినో మీదికి దిగుతుంది, తిరగబడి దిగుతుంది. దాన్ని అలాగే చెక్కు. చూడ్డానికి తప్పుగా కనిపిస్తుంది, సరిచెయ్యాలని చెయ్యి లాగుతుంది, సరిచెయ్యకు. 8, 0 ఎటు తిప్పినా ఒకటే, 2, 3, 4, 6 దగ్గర జాగ్రత్త. చెక్కే ముందు పక్కన చిన్న అద్దం పెట్టుకుని అందులో చూసుకో, అమ్మ రాసినట్టే కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

కుడి భుజం సంగతి మర్చిపోకు. అది కూడా తిరగబడుతుంది. లినో మీద ఎడమ వైపు తగ్గించి గీస్తేనే ముద్రలో కుడి వైపు వస్తుంది.

లినో, ఉలి కొనకు. నా దగ్గర సగం వాడిన షీట్లు చాలా ఉన్నాయి, పాత ఉలి ఒకటి ఇస్తాను. ఈ ఆదివారం హార్బర్ నుంచి తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చేస్తాను. మెసేజ్ పెట్టు, అమ్మని కూడా తీసుకురా. ఆ గులాబీ జాకెట్టు తెస్తే మా అమ్మకీ చూపిద్దాం.